పదిమంది ఒక జట్టు అయ్యేదెప్పుడు?

బాలాపూర్ పేరు ఏటా ఒకరోజు తెలుగు టీవీ ఛానళ్లన్నింటిలో మోగిపోతుంది. వినాయక నిమజ్జనం నాటి పొద్దున ఊరి బొడ్రాయి దగ్గర 21 కిలోల లడ్డూకి వేలం పాట జరుగుతుంది. 1994లో కొలను మోహన్‌రెడ్డి 450 రూపాయలకు పాడుకున్న ఆ లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. 2025లో 35 లక్షలు పలికింది. కరోనా వచ్చిన 2020లో తప్ప ఈ పాట ఆగలేదు. వచ్చిన సొమ్ము గుడికి, బడికి, ఊరి పనులకు పోతుంది.

అందరూ ధర గురించే మాట్లాడుకుంటారు. నన్ను ఆకట్టుకునేది ఆ పాట వెనకున్న సమితి. 1980లో మొదలైన ఉత్సవ సమితి నాలుగు దశాబ్దాలు దాటినా నడుస్తూనే ఉంది. ఈలోగా ఊరు గుర్తుపట్టలేనంతగా మారింది. పంచాయతీ పోయి బడంగ్‌పేట పురపాలికలో కలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్టుమెంట్లయ్యాయి. అయినా సమితి నిలబడింది. అదే హైదరాబాద్ చుట్టుపక్కల ఏ బస్తీకి వెళ్లినా ఒక ఏడాది జోరుగా మండపం వేసి, మరుసటి ఏడాదికల్లా చందా లెక్కల దగ్గర చెడి, ఒకే గల్లీలో రెండు మండపాలు పెట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లూ స్నేహితులే, వాళ్లకూ భక్తి ఉంది, ఉత్సాహమూ ఉంది. ఒక గుంపు జట్టుగా కుదురుకుని, ఇంకొకటి గుంపుగానే చెదిరిపోవడానికి కారణం ఏమిటి? వందేళ్లకు పైగా ఈ ప్రశ్నను ఇంజనీర్లు, మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు వేర్వేరు దారుల్లో వెతికారు. వాళ్లు తేల్చినదాన్ని మన ఊళ్ల అనుభవం పక్కన పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం.

మొదటి జవాబు మన సామెతలోనే ఉంది. పదిమందిలో పాము చావదు. ఎవరికి వారు పక్కవాడు కొడతాడులే అనుకుంటారు. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ ఇదే సంగతిని తాడు లాగించి కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒంటరిగా లాగినప్పుడు మనిషి పెట్టే బలం నూరనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలా ఒకరు పెట్టింది అందులో సగానికి సగం. కొంత నష్టం అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల వచ్చింది. మిగతాది మనసు పెట్టకపోవడం వల్ల. 1979లో బిబ్ లాటనే బృందం చప్పట్లు కొట్టించి, అరిపించి మళ్లీ పరీక్షించినా ఫలితం అలాగే వచ్చింది. మనుషుల్ని పోగు చేస్తే బలం పోగవుతుందన్న నమ్మకాన్ని ఈ ప్రయోగాలు గట్టిగా కదిపాయి. తన వాటా విడిగా కనబడనప్పుడు మనిషి తగ్గి పని చేస్తాడు. ఇందులో సోమరితనం కన్నా, తన చెమట ఎవరి లెక్కలోకీ రావడం లేదన్న నిరాశే ఎక్కువని నా అభిప్రాయం. చందా పుస్తకంలో ఎవరి పేరు ఎదురుగా వారి మొత్తం ఎందుకు రాస్తారో, మైకులో ఎందుకు చదువుతారో అర్థమయ్యేది ఇక్కడే.

రెండో జవాబు మేనేజ్‌మెంట్ తరగతుల్లో బాగా చెలామణీలో ఉంది. 1965లో బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రతి గుంపూ నాలుగు దశలు దాటుతుందన్నాడు. ముందు చేరతారు, తర్వాత కొట్లాడుకుంటారు, ఆపైన కట్టుబాట్లు ఏర్పరచుకుంటారు, చివరికి పని చేస్తారు. విడిపోవడమనే అయిదో దశను 1977లో కలిపారు. చెప్పడానికి, వినడానికి బాగుంటుంది కనుక ప్రతి శిక్షణ శిబిరంలోనూ ఈ బొమ్మ గీస్తారు. టక్‌మన్ ఇదంతా కొత్త ప్రయోగం చేసి కనిపెట్టలేదు. అప్పటికే అచ్చయిన యాభై దాకా వ్యాసాలను సమీక్షించి చెప్పాడు. వాటిలో ఎక్కువ భాగం మానసిక చికిత్స కోసం కూర్చోబెట్టిన బృందాల గురించి రాసినవి. అలాంటి చోట మాట్లాడుకోవడమే పని. గడువులోగా మండపం లేపాల్సినవాళ్లకు, నాట్లు వేయాల్సినవాళ్లకు ఆ వరుస అతకాలన్న నియమం లేదు. 1988లో కోనీ గెర్సిక్ అనే పరిశోధకురాలు నిజమైన పనులున్న ఎనిమిది బృందాలను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా గమనించి, మెట్లు మెట్లుగా ఎదగడం ఎక్కడా కనబడలేదని రాశారు. మొదటి సమావేశంలో ఎలా మొదలుపెట్టారో అలాగే సగం గడువు దాకా సాగారు. సరిగ్గా సగం కాలం గడిచాక ఉలిక్కిపడి, పాత పద్ధతి వదిలేసి, కొత్తగా పట్టాలెక్కారు. గడువు కొన్ని రోజులైనా కొన్ని నెలలైనా ఇదే తీరు. పండగ పనుల్లో తిరిగినవాళ్లెవరికైనా ఇది తెలిసిన కథే. శ్రావణం సగం పోయేదాకా ఫోన్లు ఎత్తని మనిషి, అమావాస్య దగ్గరపడేసరికి పొద్దున ఆరింటికే కర్రల లోడుతో దిగుతాడు.

అసలు విషయం మూడో జవాబులో ఉంది. మనసులు కలిశాక పని మొదలవుతుందా, పని కలిశాక మనసులు కలుస్తాయా? 1954లో ముజఫర్ షెరీఫ్ అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి పోటీలు పెట్టాడు. వాళ్లు శత్రువులయ్యారు. ఆ తర్వాత కలిపి భోజనాలు పెట్టినా, సినిమాలు చూపించినా శత్రుత్వం తగ్గలేదు. శిబిరానికి నీళ్లు ఆగిపోయి, అందరూ కలిసి వెతికితే తప్ప దొరకని పరిస్థితి వచ్చినప్పుడు, మొరాయించిన ట్రక్కును అందరూ కలిసి తాడు కట్టి లాగాల్సి వచ్చినప్పుడు తగ్గింది. ఈ ప్రయోగాన్ని కళ్లకద్దుకోనక్కర్లేదు. అంతకుముందు ఏడాది షెరీఫ్ చేసిన ఇలాంటి ప్రయత్నంలో పిల్లలు కొట్లాడుకోవడానికే ఒప్పుకోలేదు, ఆ సంగతి చాలాకాలం మరుగున పడింది. అయినా ఒక ముక్క నిలిచింది. కలిసి తినడం వేరు, ఒకరు లేకపోతే ఇంకొకరి పని ఆగిపోవడం వేరు.

ఈ రెండో సంగతిని ఫుట్‌బాల్ మైదానంలో పట్టుకున్న మనిషి మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులుగా పనిచేసినవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడిగా 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిపించాడు. 1951 ఢిల్లీలోనూ 1962 జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్లు ఆయన తయారు చేసినవే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ ఆయన చలవే. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది డ్రిబ్లింగ్ లేని పోటీలు. ఆ రోజుల్లో బంతిని కాలికి అంటిపెట్టుకుని నలుగురిని తప్పించి దూసుకెళ్లేవాడే హీరో, జనం ఈలలు వేసేది వాడికే. రహీమ్ ఆ పని చేయకూడదన్న నియమంతో టోర్నమెంట్లు పెట్టించాడు. బంతి అందగానే ఒకటి రెండు తాకుల్లో పక్కవాడికి ఇచ్చేయాలి. పక్కవాడు ఎక్కడున్నాడో బంతి రాకముందే చూసుకోకపోతే ఆట సాగదు. కలిసికట్టుగా ఉండండి నాయనా అని ఉపన్యాసం ఇవ్వకుండా, కలవకపోతే ఆడలేని ఆటను వాళ్ల ముందు పెట్టాడు.

1962లో దాని ఫలం కనబడింది. జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత కోలుకుని ఫైనల్ చేరితే ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియంలో లక్ష మంది దాకా జనం, ఎక్కువమంది మనకు వ్యతిరేకం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసలోకి మార్చాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టులోనివాడే. కేన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపించిన రహీమ్ మరుసటి ఏడాదే కన్నుమూశాడు. ఒక ఆటగాడు తన చోటు వదిలి ఇంకో చోట ఆడగలగడం, మిగతావాళ్లు అరుపులు లేకుండా ఖాళీ అయిన చోటును పూడ్చుకోవడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదు.

ఆట నుంచి పొలానికి వస్తే ఇంకా కఠినమైన సాక్ష్యం దొరుకుతుంది. ఈ మొత్తం విషయంపై వచ్చిన పుస్తకాల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను రాబర్ట్ వేడ్ రాసిన 'విలేజ్ రిపబ్లిక్స్'ను ఎంచుకుంటాను. 1988లో వచ్చిన ఈ పుస్తకం మన కర్నూలు జిల్లా పల్లెల గురించి. దాని నేపథ్యం కొంచెం చెప్పాలి. 1965లో మాన్కర్ ఓల్సన్ అనే ఆర్థికవేత్త, బలవంతమో విడిగా లాభమో లేకపోతే మనుషులు ఉమ్మడి మేలు కోసం కలవరని సిద్ధాంతం చేశాడు. అప్పటి నుంచి ప్రభుత్వాలు, బ్యాంకులు అదే మాట పట్టుకున్నాయి. వేడ్ కర్నూలు కాలువల కింద ఊరూరా తిరిగి చూస్తే, కొన్ని ఊళ్లలో పెద్దమనుషుల కమిటీ, ఉమ్మడి నిధి, ఊరి జీతంతో పంట కాపలాదార్లు, పొలాలకు నీళ్లు పంచే మనుషులు ఉన్నారు. ప్రభుత్వం చెప్పింది కాదు, చట్టంలో ఉన్నదీ కాదు. కొన్ని మైళ్ల అవతలి ఊళ్లో ఇవేవీ లేవు. రెండు ఊళ్లలోనూ అవే కులాలు, అదే భాష, అవే కక్షలు. మరి తేడా ఎక్కడ?

నీళ్లలో. కాలువ మొదట్లో ఉన్న ఊరికి నీళ్లు ఎలాగూ వస్తాయి, ఎవరితో ఎవరికీ అవసరం లేదు. కాలువ చివర ఉన్న ఊరికి నీళ్లు అంతంత మాత్రం. ఎవరికి వారు గండి కొట్టుకుంటే అందరి పంటా ఎండుతుంది. అక్కడ రైతులు కలిశారు. నల్లరేగడి ఉన్న చోట, కోతల తర్వాత గొర్రెల మందలు వచ్చే చోట కాపలా లేకపోతే నిలిచిన పంట మేతకు పోతుంది. అక్కడ కాపలాదార్లను పెట్టుకున్నారు. ఐకమత్యం అనే గుణం కొన్ని ఊళ్ల నెత్తురులో ఉండి మరికొన్నిట్లో లేకపోవడం కాదని, కలవకపోతే జరిగే నష్టం ఎంత పెద్దదైతే అంత గట్టిగా కలుస్తారని వేడ్ తేల్చాడు. నిధి ఎలా వచ్చేదో చూడండి. కోసిన చేలలో గొర్రెలు మేపుకునే హక్కును కాపరులకు అమ్మేవాళ్లు. ఊళ్లో సారా అమ్ముకునే హక్కును కూడా పాట పెట్టేవాళ్లు. ఇంటింటికీ తిరిగి చందా అడిగితే పుట్టే తగాదా ఇందులో లేదు. సొమ్ము పదిమంది ఎదుట నిర్ణయమవుతుంది, ఎవరు ఎంతిచ్చారో దాచే వీలుండదు. బాలాపూర్ బొడ్రాయి దగ్గర వేలం వేసేదీ ఈ కోవలోదే. లడ్డూకి అంత ధర ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. నాకైతే ఆ బహిరంగ పాటలోనే సమితి మన్నిక రహస్యం కనబడుతుంది. ఊరికి వచ్చే డబ్బు ఊరందరి చెవిన పడుతూ వస్తోంది. ఎంత వచ్చిందన్న ప్రశ్న మీద గొడవకు తావే లేదు. ఎలా ఖర్చయిందన్న ప్రశ్నకు మాత్రం ఏటా జవాబు చెప్పుకోవాలి. ఇటీవలి ఏళ్లలో పాటలో దిగాలంటే ముందుగా డిపాజిట్ కట్టాలన్న నిబంధన కూడా వచ్చింది. సొంత ఊరివాడని మాఫీ చేయని కట్టుబాటు ఉన్నచోట పరాయివాడూ నమ్మకంతో చేరతాడు. 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెరువులు, అడవులు, చేపల రేవుల మీద ప్రపంచమంతా వెతికి ఇదే చెప్పారు: కట్టుబాట్లు అక్కడివాళ్లే చేసుకోవాలి, కాపలా వాళ్లలోంచే ఉండాలి, తప్పుకు శిక్ష చిన్నగా మొదలై పెద్దది కావాలి.

అయితే పని కలిపినంత మాత్రాన, లెక్క తేటగా ఉన్నంత మాత్రాన సరిపోదు. తప్పు జరిగినప్పుడు ఏం చేస్తారన్నది ఇంకో పరీక్ష. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అమెరికన్ ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించి, మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క తీస్తే ఎక్కువ కనబడ్డాయి. తీరా చూస్తే అవి ఎక్కువ జరగడం లేదు, ఎక్కువగా బయటపడుతున్నాయి. బాగా నడిచే వార్డులో నర్సు భయపడకుండా 'నా వల్ల ఇలా జరిగింది' అని చెబుతోంది. కొన్నేళ్ల తర్వాత గూగుల్ సంస్థ తన 180 బృందాలను పరిశీలించుకుని, ఎవరెవరు ఉన్నారన్నది కాక ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నదే ముఖ్యమని, ఈ భయం లేకపోవడమే అన్నిటికన్నా పెద్ద అంశమని తేల్చుకుంది.

బాలాపూర్‌కు ఇది దూరపు మాట కాదు. ఊరి పక్కనే రాళ్ల గుట్టల మధ్య రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. అబ్దుల్ కలాం కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో రూపుదిద్దుకుని, 1988లో మొదలైన క్షిపణి పరిశోధన కేంద్రమది. కలాం హైదరాబాద్ రాకముందు పడిన దెబ్బ తెలిస్తే ఆ కేంద్రం అర్థమవుతుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రయోగానికి కొద్ది క్షణాల ముందు కంప్యూటరు ఆగమని హెచ్చరించినా, నిపుణుల మాట విని తానే ముందుకు వెళ్లానని కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. విలేకరుల ఎదుటికి ఆయన్ను పంపకుండా ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ తానే వెళ్లి వైఫల్యానికి బాధ్యత తీసుకున్నారు. 1980 జూలై 18న అదే తరహా రాకెట్ విజయవంతమైతే, మాట్లాడమని కలాంను ముందుకు తోశారు. ఇలాంటి పెద్ద చేతి కింద పెరిగిన మనిషి 1982లో డీఆర్‌డీఎల్‌కు వచ్చారు. 1983లో 388 కోట్లతో మొదలైన క్షిపణి కార్యక్రమంలో పృథ్వికి సైన్యం నుంచి కర్నల్ వి.జె. సుందరంను, త్రిశూల్‌కు నౌకాదళం నుంచి ఎస్.ఆర్. మోహన్‌ను, అగ్నికి ఆర్.ఎన్. అగర్వాల్‌ను, ఆకాశ్‌కు ప్రహ్లాదను, నాగ్‌కు ఎన్.ఆర్. అయ్యర్‌ను పెట్టారు. 1989లో అగ్ని ప్రయోగం ఏప్రిల్ 20న ఒకసారి, మే 1న ఇంకోసారి ఆగిపోయింది. పత్రికలు వ్యంగ్య చిత్రాలు వేశాయి. మే 22న లేచింది. మధ్యలోని ఆ మూడు వారాల్లో ఎవరి మెడ మీదా కత్తి వేలాడకపోవడం వల్లే లోపాలు దొరికాయని నేను నమ్ముతాను. తప్పు దాచుకోవాల్సిన చోట అంత తొందరగా అసలు కారణాన్ని పట్టుకోలేం.

ఇంతా చెప్పాక, జట్టు అంటే ఎప్పుడూ మంచిదేనన్న భ్రమ కూడా పెట్టుకోకూడదు. దీనికీ మన ఉమ్మడి రాష్ట్రమే సాక్ష్యం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు వ్యతిరేకంగా కదిలాక పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. పది పదిహేను మంది ఆడవాళ్లు కలుస్తారు. సమావేశం, పొదుపు, లోపలి అప్పు, వేళకు వాయిదా, పుస్తకాలు రాయడం వాళ్ల పంచసూత్రాలు. ఇవి చాలాచోట్ల నిజమైన జట్లయ్యాయి. ఆ తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా ఆడవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టాయి. ఒకరు వాయిదా కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్నారు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. లోపల నడిచింది వేరు. కట్టలేని ఆమె గడప ముందు తోటి ఆడవాళ్లే బైఠాయించాల్సి వచ్చింది. అవమానాలు, ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మొదటిదాంట్లో డబ్బూ వాళ్లదే, పుస్తకమూ వాళ్లదే, నియమం మార్చుకునే హక్కూ వాళ్లదే. రెండోదాంట్లో వాళ్ల దగ్గర మిగిలింది ఒకరి మీద ఒకరికి కాపలా మాత్రమే. పరస్పరం ఆధారపడటం బలమవుతుందో ఉరి అవుతుందో తేల్చేది నియమం ఎవరి చేతిలో ఉందన్నదే.

వేడ్ చూసిన ఊళ్లలోనూ కమిటీలో కూర్చున్నది ఎక్కువగా భూమి ఉన్న ఆసాములే. మన గణేశ్ కమిటీల్లో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉంటాయో, కొత్తగా వచ్చి చేరిన అద్దె ఇళ్లవాళ్ల పేర్లు ఎన్ని ఉంటాయో ఎవరికి వారు తమ బస్తీ బ్యానరు చూసుకోవచ్చు. బాలాపూర్‌లాంటి ఊళ్లకు ఇప్పుడు ముందున్న ప్రశ్న ఇదే. పాత ఊరివాళ్లకు బంధుత్వాలున్నాయి. అపార్టుమెంట్లలోకి వచ్చినవాళ్లకు వాట్సాప్ గ్రూపు ఉంది. చందా ఇవ్వమని అడగడంతో ఆపేస్తే వాళ్లు ప్రేక్షకులుగానే ఉండిపోతారు. గౌరవ సలహాదారు పదవి ఇచ్చినా అంతే. నీళ్ల ఏర్పాటో, లెక్కల పుస్తకమో, ఊరేగింపు దారిలో కరెంటు తీగల సంగతో, వాళ్లు చేయకపోతే నిజంగా ఆగిపోయే పని ఒకటి వాళ్ల చేతుల్లో పెట్టాలి.

చివరగా కాలం గురించి. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో టీసీఎస్ ప్రాంగణం ఉంది, విమాన విడిభాగాల కర్మాగారాలున్నాయి. ఐటీ ప్రాజెక్టుల్లో ఒక పని ముగియగానే మనుషుల్ని వేర్వేరు చోట్లకు పంచేయడం మామూలు. బెంచ్ మీద ఎవరూ ఖాళీగా ఉండకూడదన్నదే లెక్క. ఈ అలవాటు మీద జె. రిచర్డ్ హాక్‌మన్ అనే హార్వర్డ్ ఆచార్యుడు ఎత్తి చూపిన అంకె ఒకటుంది. అమెరికా రవాణా భద్రతా సంస్థ పరిశీలించిన విమాన ప్రమాదాల్లో 73 శాతం ఆ సిబ్బంది కలిసి ఎగిరిన మొదటి రోజునే జరిగాయి. 44 శాతం మొట్టమొదటి ప్రయాణంలోనే. పైలట్లు అందరూ అనుభవజ్ఞులే, ఒకరికొకరు మాత్రం కొత్త. కలిసి పని చేసిన కాలం కూడా ఒక ఆస్తి అని, దాన్ని ప్రాజెక్టు పట్టికలో ఎవరూ రాసుకోవడం లేదని హాక్‌మన్ జీవితాంతం చెప్పాడు. మన కంపెనీల మేనేజర్లు ఏడాదికోసారి రిసార్టుకు తీసుకెళ్లి ఆటలాడించే ఖర్చులో కొంత మిగుల్చుకుని, కుదురుకున్న ఆరుగురిని ఇంకో ప్రాజెక్టుకు కూడా కలిపే పంపితే చాలు.